విచిత్రమైన నిలువుటంగీ

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లోని మా ఇంటి హాల్లో, కిటికీ పక్కన బల్ల మీద ఒక పాత ఎల్పీ రికార్డు ఉంటుంది. అట్ట మూలలు అరిగి లోపలి పీచు బయటపడింది. దాని మీద రంగురంగుల అతుకుల కోటు తొడుక్కున్న చిన్నపిల్ల బొమ్మ గీసి ఉంటుంది. ఆ పిల్ల తర్వాతి రోజుల్లో కంట్రీ గాయనిగా పేరు తెచ్చుకున్న డాలీ పార్టన్. ఆర్సీఏ సంస్థ 1971 అక్టోబరులో విడుదల చేసిన ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ అనే ఆల్బం అది. అప్పటికి ఆవిడ వయసు 25 ఏళ్లు. పది పాటలు, రెండు వైపులా కలిపి అరగంటలోపే అయిపోతాయి. అమెరికా కంట్రీ సంగీతం గురించి రాయడానికి నాకున్న అర్హత ఈ ఒక్క రికార్డును చాలా ఏళ్లుగా వింటూ ఉండటమే. దాన్ని గురించి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, రాయడం మొదలుపెడితే మా అమ్మ కుట్టిన ఒక బొంత గురించి కూడా చెప్పవలసి వస్తుందని నాకు తెలుసు.

మాది అప్పటి ప్రకాశం జిల్లాలో కందుకూరు దగ్గర ఒక పల్లె. నాన్న కౌలుకు తీసుకున్న చేలో పొగాకు వేసేవాడు. అమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుట్టేది. మా తాత ముత్తాతల కాలంలోనే మా వాళ్లు బాప్టిస్టు సంఘంలో చేరారు. ఒంగోలు మిషను దొర క్లౌ గారి రోజుల్లో, 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతిని మా నాయనమ్మ తన కళ్లతో చూసినట్టే చెప్పేది. అందువల్ల నా చిన్నతనంలో నేను విన్న కథలలో చాలావరకు పరిశుద్ధ గ్రంథంలోవే. వాటిలో నాకు బాగా ఇష్టమైనది యోసేపు కథ. యాకోబు తన వృద్ధాప్యంలో పుట్టిన కొడుకు మీద ప్రేమకొద్దీ అతనికి ‘విచిత్రమైన నిలువుటంగీ’ కుట్టించాడని మన తెలుగు ఆదికాండము 37వ అధ్యాయం చెబుతుంది. ఆ అంగీలో విచిత్రం ఏమిటో మా సండే స్కూలులో ఎవరూ విప్పి చెప్పలేదు. అది పాదాల దాకా జీరాడుతూ, జరీ మెరుపులతో, మా ఊరి పెళ్లికొడుకులు ఎవరూ తొడగనంత గొప్పగా ఉంటుందని నేను ఊహించుకునేదాన్ని. రంగుల సంగతి మాత్రం నా ఊహలో లేదు.

2001 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి టెన్నెసీ విశ్వవిద్యాలయానికి వచ్చాను. నాతోపాటు ఇద్దరు తెలుగు అమ్మాయిలు కలిసి, ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద గదులు అద్దెకు తీసుకున్నాం. అమెరికా అంటే అద్దాల మేడలనుకుని వచ్చిన నాకు నాక్స్‌విల్ దాటిన కొద్దిసేపటికే కనిపించిన దృశ్యం నమ్మలేనిదిగా తోచింది. సెవియర్ కౌంటీ వైపు వెళ్లే దారి పక్కన చెక్క కొట్టాలు, వాటిలో దూలాలకు తలకిందులుగా వేలాడుతున్న పొగాకు మొక్కలు ఉన్నాయి. ఇక్కడ పండేది బర్లీ పొగాకు. మొక్కను మొదలంటా నరికి, కర్రకు గుచ్చి, గాలి ఆడే కొట్టంలో వారాల తరబడి ఆరనిస్తారు. మా ఊళ్లో వేసేది వర్జీనియా పొగాకు. ఆకు ఆకూ కోసి, కర్రలకు కట్టి, బ్యారన్ అనే కొట్టంలో మంట పెట్టి ఐదారు రోజులు కాలుస్తాం. ఆ ఐదారు రాత్రులూ నాన్న బ్యారన్ ముందు నులకమంచం వేసుకుని కాపలా పడుకునేవాడు. వేడి కొంచెం ఎక్కువైనా, తక్కువైనా ఆకు రంగు చెడి వేలంలో ధర పడిపోతుంది. కారు కిటికీలోంచి ఆ కొట్టాలను చూస్తుంటే పచ్చాకు జిగురు నా వేళ్లకు అంటినట్టే అనిపించింది.

డిసెంబరులో పరీక్షలు అయిపోయాక నా గది సహవాసులిద్దరూ బంధువుల ఇళ్లకు వెళ్లారు. నాకు వెళ్లడానికి ఎవరూ లేరు. ఒక సాయంత్రం ఆ పెద్దావిడ మెట్ల దగ్గర నిలబడి కిందికి రమ్మని పిలిచింది. ఆవిడ ముందుగదిలో చెక్క చట్రం ఒకటి ఉండేది. దానికి బిగించిన గుడ్డను ఆవిడ రోజూ కొంత కుడుతూ ఉండేది. ఇక్కడి వాళ్లు దాన్ని క్విల్ట్ అంటారు. పాత బట్టల ముక్కలను చతురస్రాలుగా కత్తిరించి, ఒకదానికొకటి అతికి, నడుమ దూది పొర పెట్టి, అడుగున ఒక గుడ్డ వేసి, మూడింటినీ కలిపి సన్నటి కుట్టు వేస్తారు. నేను దాన్ని చూడగానే బొంత అన్నాను, తెలుగులోనే. ఆవిడకు అర్థం కాలేదు. నేను వివరించబోయాను గానీ గొంతు పట్టేసినట్టయి, సగంలోనే ఆపేశాను.

ఆవిడ చేతిలోని సూది పక్కన పెట్టి గ్రామఫోను పెట్టె తెరిచింది. నారింజ రంగు లేబులు ఉన్న రికార్డు పెట్టి, “ఇది మన పక్క కౌంటీ పిల్ల పాడిన పాట, విను” అంది. ఆ పిల్ల పదేళ్ల వయసులో నాక్స్‌విల్‌లో క్యాస్ వాకర్ అనే కిరాణా కొట్ల యజమాని నడిపే కార్యక్రమంలో పాడేదని, ఆ రోజుల నుంచీ తమకు తెలుసునని చెప్పింది. ఆ చెప్పడంలో మా ఊరి ఆడపడుచు గురించి మా వాళ్లు చెప్పుకునేటప్పటి మురిపెమే ఉంది.

మొదటి పాట మొదలైంది. గిటారు తీగల మీద నెమ్మదిగా వేళ్లు నడుస్తున్నాయి. పెద్ద వాద్యాల హడావుడి లేదు. గొంతు సన్నగా, తేటగా ఉంది. ఆ గొంతులోని యాస నాలుగు నెలలుగా నేను బస్సులలో, కూరగాయల అంగళ్లలో వింటున్నదే కావడంతో మాటలు చాలావరకు అర్థమయ్యాయి. ఎవరో ఒక పెట్టెడు గుడ్డ పేలికలు ఇచ్చారు. చలి ముంచుకొస్తోంది, పిల్లకు కోటు లేదు. తల్లి ఆ పేలికలన్నీ ఏరి, ఒక్కో ముక్కా ప్రేమగా అతికి కోటు కుడుతోంది. కుడుతూ కుడుతూ పిల్లకు బైబిలులోంచి ఒక కథ చెబుతోంది. అన్నల అసూయకు గురైన యోసేపు కథ అది.

అక్కడ నేను ఉలిక్కిపడ్డాను. మా నిలువుటంగీయే ఇది. ఇంగ్లీషు బైబిలులో దాన్ని ‘అనేక వర్ణాల కోటు’ అన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. రికార్డు పేరు చూసినా తట్టలేదు. మన తెలుగు అనువాదకులు ‘విచిత్రమైన’ అని వదిలేసినచోట ఈ కొండప్రాంతపు తల్లి రంగులను చూసింది. తన దగ్గర ఉన్న పేలికలు ఒకదానికొకటి పొసగనివి కాబట్టి, పొసగకపోవడమే గొప్ప అని చెప్పగల కథ ఒకటి ఆమెకు దొరికింది. సండే స్కూలులో ఏళ్ల తరబడి విన్న వాక్యానికి అర్థం నాకు ఆ రాత్రి ఒక గ్రామఫోను పెట్టె ముందు తెలిసింది.

పాటలో తర్వాత జరిగేది అందరికీ తెలిసినదే. పిల్ల ఆ కోటు తొడుక్కుని బడికి పరుగెత్తుతుంది. ప్యాంటుకు అతుకులు, రెండు బూట్లకూ చిల్లులు, అయినా తానే అందరికన్నా కలిగినదాన్ని అన్న ధీమా. బడిలో పిల్లలు నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో ఆ పిల్లకు అర్థం కాదు. ప్రతి కుట్టులోనూ అమ్మ పెట్టిన ప్రేమ గురించి, అమ్మ చెప్పిన కథ గురించి వాళ్లకు వివరిస్తుంది. వాళ్లకు ఎక్కదు. పాట చివరికి వచ్చేసరికి ఆ పిల్ల ఓడిపోదు, కోటు విప్పదు.

పెద్దావిడ నా ముఖం చూసి రికార్డు ఆపబోయింది. వద్దన్నాను. నేను ఏడుస్తున్నది ఆ పిల్లను తలచుకుని కాదని ఆవిడకు చెప్పలేకపోయాను.

1994లో పదో తరగతి అయ్యాక ఇంటర్మీడియట్ కోసం నన్ను పట్నంలో హాస్టల్లో చేర్చారు. ఆ వేసవి సెలవులన్నీ అమ్మ నాకోసం బొంత కుట్టింది. పగలంతా ఊళ్లోవాళ్ల జాకెట్లు, రాత్రి దీపం పెట్టుకుని బొంత. అడుగున నాయనమ్మ నేత చీరలు రెండు, లోపల నాన్న పాత పంచెలు, పైన అరచేతి వెడల్పు ముక్కలు వందకు పైగా ఉన్నాయి. ఎర్ర చుక్కలవి, నీలం గళ్లవి, ఆకుపచ్చ పూలవి, ఇంకా ఎన్నో. సరిగ్గా నడుమన ఒకే ఒక్క గులాబీ రంగు సాటిన్ ముక్క. మామూలుగా బొంతకు వేసే పొడుగు కుట్టు కాకుండా జాకెట్టు చేతి అంచుకు వేసినంత దగ్గర కుట్టు వేసింది. నాన్న దాన్ని మడిచి, తాడుతో కట్టి, బస్సు మీద వేయించి హాస్టలుదాకా తెచ్చాడు.

హాస్టలు గదిలో మొదటి రాత్రి అందరూ పక్కలు పరుచుకుంటున్నారు. ఒకళ్లవి పువ్వుల దుప్పట్లు, ఒకళ్లవి కొత్త రగ్గులు, ఇంకా ధర చీటీ కూడా తీయనివి. నేను తాడు విప్పలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఎవరూ నవ్వలేదు. నవ్వుతారేమోనన్న భయంతో నేనే దాన్ని మంచం కిందికి నెట్టి, చున్నీ పరుచుకుని పడుకున్నాను. రెండు వారాల తర్వాత నాన్న చూడటానికి వచ్చినప్పుడు, ఇక్కడ పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని చెప్పి బొంతను తిరిగి పంపించాను. నాన్న ఏమీ అడగకుండా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మరుసటి నెల అమ్మ చీటీ డబ్బులు తీసి నాకు రగ్గు కొని పంపింది. సంక్రాంతి సెలవులకు వెళ్లేసరికి బొంత బ్యారన్ ముందు నాన్న మంచం మీద పరిచి ఉంది. ఒక మూల నిప్పురవ్వ పడి చిన్న కంత పడింది. అమ్మ ఆ కంత మీద కూడా అతుకు వేసింది.

పాటలోని పిల్లను చూసి పదిమంది నవ్వినా ఆమె కోటు విప్పలేదు. నన్ను చూసి ఒక్కరూ నవ్వకముందే నేను బొంతను దాచేశాను. ఆ డిసెంబరు సాయంత్రం నాకు తగిలిన దెబ్బ అది.

ఆ తర్వాత ఆ రికార్డు కోసమే సాకులు వెతుక్కుని కిందికి వెళ్లేదాన్ని. మొదటి పాట ఒక్కటే కాక ఆల్బం మొత్తం నాకు నెమ్మదిగా పరిచయమైంది. పదింటిలో ఏడు పాటలు డాలీ సొంతంగా రాసుకున్నవి. మిగతా మూడూ పోర్టర్ వాగనర్ అనే కంట్రీ గాయకుడు రాసినవి. ఈయన టెలివిజన్ కార్యక్రమంలో ఆవిడ 1967 నుంచీ పాడుతూ, ఆయనతో కలిసి యుగళగీతాల ఆల్బంలు చేస్తూ ఉండేది. ఆయన ఇచ్చిన మూడు పాటల్లో నాకు నచ్చినది ‘ఇఫ్ ఐ లూజ్ మై మైండ్’ ఒక్కటే. కాపురం చెడిన కూతురు పుట్టింటికి వచ్చి, మతి తప్పేలా ఉంది, నీ దగ్గర ఉండనివ్వమ్మా అని తల్లిని అడిగే పాట అది. మిగతా రెండూ పాడిన గొంతు వల్ల నిలబడ్డాయేగానీ వాటిలో సొంత బలం లేదని నా అభిప్రాయం. ఆవిడ ఏడు పాటల పక్కన పెట్టి వింటే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రెండో పాట ‘ట్రావెలింగ్ మ్యాన్’ విని మేం ముగ్గురం అమ్మాయిలం పడీపడీ నవ్వుకున్నాం. ఊరూరా తిరిగే సరుకుల వర్తకుడితో తల్లికి తెలియకుండా లేచిపోదామని ఒక అమ్మాయి పథకం వేసుకుంటే, చివరికి ఆ తల్లే అతనితో వెళ్లిపోతుంది. మొదటి పాటలో అంత పవిత్రంగా నిలబెట్టిన తల్లి పక్కనే ఇలాంటి తల్లిని కూర్చోబెట్టడానికి ఎంత ధైర్యం ఉండాలో అప్పట్లో నాకు తట్టలేదు. ‘మై బ్లూ టియర్స్’లో దుఃఖంలో ఉన్న మనిషి కిటికీ మీది నీలిపిట్టను, వెలుగునిచ్చే సూర్యుణ్ణి కూడా దూరంగా పొమ్మంటుంది. మన జానపదాలలోనూ విరహిణులు పిట్టలతో మాట్లాడతారు గానీ, వాళ్లు కబురు పంపడానికి మాట్లాడతారు. ఇక్కడ పొమ్మనడానికి మాట్లాడుతుంది. రెండో వైపు ఉన్న ‘ఎర్లీ మార్నింగ్ బ్రీజ్’ నాకు ఇప్పటికీ ప్రార్థనలా వినిపిస్తుంది. మంచు తడిసిన గడ్డిలో తెల్లవారుజామున నడుస్తూ దేవుణ్ణి తలచుకునే పాట అది. మూడేళ్ల తర్వాత ‘జోలీన్’ ఆల్బంలో ఆవిడ దాన్ని మళ్లీ పాడింది. నాకు మాత్రం ఈ ఆల్బంలో మొదటిసారి పాడినదే ఇష్టం. ‘హియర్ ఐ యామ్’లో గొంతు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అది వింటే ఆవిడ పాట నేర్చుకున్నది చర్చిలోనేనని ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్ల తాత జేక్ ఓవెన్స్ పెంతెకోస్తు బోధకుడు. మా ఊరి ఆరాధనలలో చప్పట్లు కొడుతూ పాడే స్త్రీల గొంతులు ఆ పాటలో నాకు వినిపించేవి.

డాలీ గురించి మిగతా సంగతులు పెద్దావిడ చెప్పగా కొన్ని, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కొన్ని. ఆవిడ 1946 జనవరి 19న సెవియర్ కౌంటీలో ఒంటిగది చెక్క ఇంట్లో పుట్టింది. పన్నెండు మంది సంతానంలో నాలుగోది. ఆవిడకు పురుడు పోసిన డాక్టరుకు డబ్బు ఇచ్చుకోలేక తండ్రి ఒక సంచి మొక్కజొన్న పిండి ఇచ్చాడు. ఆ తండ్రి పొగాకు పండించేవాడన్నది తెలిసినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయనకు చదవడం, రాయడం రాదు. 1964లో హైస్కూలు చదువు పూర్తయిన మర్నాడే డాలీ కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కు బస్సు ఎక్కింది.

కోటు పాటను ఆవిడ 1969లో, పోర్టర్ వాగనర్ బృందంతో కలిసి బస్సులో ఊరూరా తిరుగుతున్నప్పుడు రాసింది. ఆ సమయానికి రాసుకోవడానికి కాగితం దొరక్కపోతే, వాగనర్ సూట్లు ఉతికించిన డ్రైక్లీనింగు రసీదు వెనక రాసింది. రత్నాలు పొదిగినట్టు మెరిసే సూట్లకు పేరుపడ్డ మనిషి ఆయన. ఆ బట్టల తాలూకు రసీదు మీద పేలికల కోటు పాట పుట్టింది. పాట పేరు తెచ్చుకున్నాక ఆయన ఆ రసీదుకు చట్రం కట్టించాడు. పాట కంట్రీ పాటల ఆదరణ పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. 2011 సంవత్సరపు జాబితాలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచవలసిన ధ్వనిముద్రణల్లో చేర్చింది. ఆ తర్వాతి కాలంలో డాలీ హాలీవుడ్ సినిమాలు చేసింది, ప్రపంచమంతా తెలిసిన పాటలు రాసింది. అయినా తాను రాసిన వాటన్నిటిలో తనకు అత్యంత ఇష్టమైనది ఈ పాటేనని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది.

ఆల్బం రికార్డు చేసిన ఆర్సీఏ స్టూడియో బి ని చూడటానికి ఒకసారి నాష్‌విల్ వెళ్లాను. బయటినుంచి చూస్తే మన పల్లెల్లోని సహకార సంఘం గోదాములా సాదాగా ఉంటుంది. తొలి రోజుల్లో డాలీ రికార్డింగుకు ఆలస్యమై హడావుడిగా వస్తూ కారుతో ఆ గోడను గుద్దిందని, గోడ మీది ఆ గుర్తును ఇప్పటికీ చూపిస్తారు. లోపలి గది నేను అనుకున్నదానికన్నా చిన్నది. బాబ్ ఫెర్గూసన్ నిర్మాతగా ఉండి, ఇంత చిన్న గదిలో ఆ పది పాటలనూ అంత ఎడంగా, ఒక వాద్యం మీద ఇంకొకటి పడకుండా ఎలా ముద్రించాడా అనిపించింది.

సెవియర్విల్‌లో కోర్టు ముందు డాలీ కంచు విగ్రహం ఉంది. జిమ్ గ్రే అనే శిల్పి చేసిన దాన్ని 1987లో పెట్టారు. చెప్పులు లేని కాళ్లతో, చేత గిటారుతో, బండరాయి మీద కూర్చుని నవ్వుతూ ఉంటుంది. పావురాలు దాని మీద రెట్టలు వేస్తున్నాయని, వాళ్ల నాన్న రాత్రిపూట ఎవరికీ తెలియకుండా బకెట్లో సబ్బునీళ్లు, చీపురు ట్రక్కులో వేసుకుని వచ్చి విగ్రహం కడిగి వెళ్లేవాడని డాలీ చెబుతూ ఉంటుంది. నేను వెళ్లింది 2003 వేసవిలో. మా నాన్న పోయి అప్పటికి ఆరు నెలలు. విగ్రహం దగ్గర ఫోటో తీయించుకోవాలని వెళ్లినదాన్ని తీయించుకోకుండానే తిరిగి వచ్చాను.

చదువు అయిపోయి, ఉద్యోగం వచ్చి, పెళ్లయి, ఇక్కడే స్థిరపడ్డాం. పెద్దావిడ ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయేటప్పుడు ఆ రికార్డును, గ్రామఫోనును నాకు ఇచ్చి వెళ్లింది. 2009లో నాకు పాప పుట్టినప్పుడు పురుడు పోయడానికి అమ్మ వచ్చింది. ఆరు నెలలు ఉంది. పాపకు వాడటానికి కొట్టులో కొన్న మెత్తటి దుప్పట్లను ఒక్కొక్కటీ తిరగేసి, కుట్టు చూసి, పెదవి విరిచి పక్కన పెట్టేది.

ఒక మధ్యాహ్నం పాపను భుజాన వేసుకుని జోకొడుతూ అమ్మ రికార్డు అట్ట మీది బొమ్మ దగ్గర ఆగింది.

“ఈ పిల్ల ఎవురమ్మా? అతుకుల కోటు తొడుక్కోనుంది.”

రికార్డు పెట్టాను. పాట నడుస్తుండగా ఒక్కో చరణానికీ అర్థం చెబుతూ వెళ్లాను. యోసేపు పేరు రాగానే అమ్మకు నేను చెప్పవలసిన పని లేకపోయింది. “విచిత్రమైన నిలువుటంగీ” అని తనే అందుకుంది. పిల్లలు నవ్వే చోటు వచ్చినప్పుడు నా గొంతు మళ్లీ పదిహేనేళ్ల కిందటిలా బిగుసుకుంది. అమ్మ ఏమంటుందోనని చూశాను. హాస్టలు గురించి, బొంత గురించి ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా మాట రాలేదు. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను.

అమ్మ ధ్యాస అక్కడ లేదు.

“ఆ పెట్టెడు గుడ్డలూ వాళ్లమ్మకు ఎవురిచ్చారంట?” అంది.

“ఎవరో ఇచ్చారని ఉందమ్మా పాటలో. పేరు లేదు.”

“పేరు చెప్పాల్సింది. పెట్టెడు గుడ్డలంటే మాటలా?” అని పాపను రెండో భుజానికి మార్చుకుంది. మార్చుకుని, నేను అడగకుండానే, బొంతలోని ముక్కలు ఎవరెవరివో చెప్పడం మొదలుపెట్టింది. ఎర్ర చుక్కలవి పంతులమ్మగారి రెండో కూతురి గౌనులో మిగిలినవి. ఆకుపచ్చ పూలవి బజారు టైలరు సంచిలో దాచిపెట్టి ఇచ్చినవి, ఆయన డబ్బులు పుచ్చుకోలేదు. పసుపుపచ్చవి పెద్దింటివాళ్ల కోడలి జాకెట్లవి, ఆమె తొలిచూలుకే పోయింది. నీలం గళ్లవి నాన్న పెళ్లిచొక్కావి. మోచేతులు చిరిగిపోతే వీపు గుడ్డ చెడలేదని దాచి ఉంచిందట. పదిహేనేళ్ల తర్వాత కూడా ఏ వరుసలో ఏ ముక్క పక్కన ఏది పెట్టిందో వేలితో గాలిలో చూపిస్తూ చెబుతోంది.

“మరి నడుమన గులాబీ రంగుదమ్మా?” అని అడిగాను. “సాటిన్ ముక్క. అది ఎవరిచ్చారు?”

అమ్మ కాసేపు పాప వీపు నిమురుతూ ఊరుకుంది.

“అది ఎవురూ ఇవ్వలా. కందుకూరు బజార్లో పావు మీటరు కొన్నాను. చదువుకోబోయే పిల్లకు కుట్టేదాంట్లో ఒక్క ముక్కయినా కొత్తగుడ్డ ఉండాలనిపించింది.”

రికార్డు మొదటి వైపు అయిపోయి చాలాసేపయింది. అమ్మ వెళ్లి సోఫాలో కూర్చుని, పాపను ఒళ్లోకి దించుకుని, ఆ మొదటి పాటే మళ్లీ పెట్టమంది.